జరుపుడు నాడు చిరిగిన మొక్కల సంచులు

2019 జూలై 16, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు నా ఉద్యోగం మొదలైంది. నియామక పత్రం మీద ఉన్న తేదీ అంతకు పాతికేళ్ళ ముందుది. కానీ రొయ్యల పెంకుల నుంచి, బియ్యపు నూకల నుంచి మట్టిలో కలిసిపోయే సంచులు తయారుచేయడమంటే ఏమిటో నాకు తెలియడం మొదలైంది ఆ ఉదయమే. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న రసాయన శాస్త్ర విద్యార్థుల కోసం రాస్తున్న మాటలు కనుక, వాటిని అక్కడి నుంచే మొదలుపెట్టడం న్యాయమని అనుకుంటున్నాను.

ఆ సమయానికి ఫోను మోగింది. చేసినది కోటమ్మ గారు. తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుక నేలలో సరుగుడు మొక్కల నర్సరీ నడుపుతారు. ఆ ఏడాది తన సరుగుడు మొక్కలన్నిటినీ మేము తయారుచేసిన సంచులలో పెంచుతున్నారు.

"సుగుణ మేడమేనా? మీ కవర్లు చేతికొస్తా ఉండాయి మేడం."

"చేతికి రావడమంటే ఏమిటి కోటమ్మ గారూ?"

"అంచు పట్టుకుంటే అంచు చేతికొస్తా ఉండాది, కవరు ఆడ్నే ఉండిపోతా ఉండాది. పొద్దున రెండు వరసలు జరిపినాం. మొక్కలు పైట జారినోళ్ళ మాదిరి నిలబడుండాయి. మీరొచ్చి చూడండి. ఫోన్లో చెప్పేది కాదు."

ఆ సంచులు నాలుగు నెలలు నిలుస్తాయని రాసిన నివేదిక మీద సంతకం నాది. వాటిలో మట్టి నింపి అప్పటికి నలభై రోజులు.

ఎక్కడి నుంచి వచ్చాను

మా నాయన కొడవలూరు దగ్గర కౌలుకు వరి పండించేవారు. మా రెండు వైపుల బంధువులలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, రొయ్యలను శుభ్రపరచి ఎగుమతి చేసే ఒక కర్మాగారంలో నాణ్యత పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరాను. కర్మాగారం వెనుక రొయ్యల తలలు, పెంకులు గుట్టలుగా పడి ఉండేవి. లారీలో తీసుకువెళ్ళి ఎక్కడో పారబోసేవారు. కొన్నేళ్ళకు శేషగిరి గారనే వ్యాపారి ఆ పెంకులను కొని కైటోసాన్ తయారుచేసే చిన్న సంస్థ పెట్టారు. నేను అందులో చేరి, చివరి వరకు అక్కడే పనిచేశాను.

కైటోసాన్ తయారీ చెప్పడానికి తేలిక. పెంకులను ముందు పలుచని ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది. తరువాత క్షారంలో వేస్తే అంటుకున్న మాంసం పోతుంది. మిగిలిన దానిని గాఢమైన వేడి క్షారంలో ఉడికిస్తే తెల్లటి పొరలు పొరలుగా కైటోసాన్ వస్తుంది. ప్రకృతి తయారుచేసిన పాలిమర్ అది. పెట్రోలియంతో పనిలేదు. పని చేయడం మాత్రం అంత తేలిక కాదు. ఆ వాసన జుట్టులోనూ, గోళ్ళ కిందా నిలిచిపోతుంది. ఆదివారం చర్చిలో ఆరాధనకు ఎంత ఆలస్యంగా వెళ్ళినా నా బల్ల మీద ఇద్దరికి సరిపడా చోటు ఉండేది.

మా అమ్మకు అది అవమానంగా ఉండేది. "ఇంత చదివించింది రొయ్య పొట్టు కడిగేదానికా?" అని ఒకసారి నాయనను అడిగింది.

నాయన అన్నం ముందు నుంచి తల ఎత్తకుండానే చెప్పారు: "నేను బురదలో నిలబడితే వడ్లు వచ్చినాయి. అది ఆ కంపులో నిలబడితే ఏమొస్తాదో చూద్దాంలే, తొందరేముంది?"

ఆ మాటకు తగినట్టు బతకాలన్నదే నా ఉద్యోగ జీవితమంతటా నా పట్టుదల.

శేషగిరి గారు

చేరిన మొదటి ఏడాదిలో చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక రోజు వచ్చిన పెంకుల నుంచి నమూనా తీసి, పరీక్షించి, బాగున్నాయని రాశాను. వాటితో చేసిన కైటోసాన్ గోధుమ రంగులో, జిగురు లేకుండా వచ్చింది. శేషగిరి గారు నన్ను కేకలు వేయలేదు. గుట్ట దగ్గరకు తీసుకువెళ్ళి, "చెయ్యి లోపలికి పెట్టమ్మా" అన్నారు. మోచేతి వరకు పెట్టాను. లోపల పొయ్యి మీద గిన్నెలా వేడిగా ఉంది. కింది పెంకు అప్పటికే కుళ్ళిపోతోంది. నేను నమూనా తీసింది పై నుంచి.

"పైనుండే పెంకు నీకు మర్యాద చేస్తాది సుగుణా. నిజం అడుగున ఉంటాది" అన్నారు ఆయన.

ఆయన ఎనిమిదో తరగతితో చదువు ఆపినవారు. నాకు ప్రయోగశాలలో ఎవరూ నేర్పనిది ఆయన నేర్పారు. ఆయనకు ఉన్న లోపం కూడా చెప్పాలి. తన సరుకు మీద మాట వస్తే ఆయన తట్టుకోలేరు. వచ్చిన మాటను వెంటనే ఇంకొకరి మీదికి మళ్ళించడానికి చూస్తారు. మంచి యజమానులలో ఈ లోపం ఎక్కువగా ఉండటం గమనించాను. సరుకు మీద ప్రేమ లేనివారికి అది ఉండదు.

ముక్కలు కావడం వేరు

ప్లాస్టిక్ సంచుల మీద ఆంక్షలు పెరిగిన కొద్దీ, పచ్చని ఆకు బొమ్మ వేసిన సంచులు పట్టుకుని మా దగ్గరకు వచ్చేవారు ఎక్కువయ్యారు. వాటిలో చాలావరకు మామూలు పాలిథీనే. ఎండకు త్వరగా పెళుసెక్కేందుకు అందులో ఏదో కలుపుతారు. శేషగిరి గారి స్నేహితుడైన ఒక వ్యాపారి అటువంటి సంచికి నా చేత ధ్రువపత్రం రాయించుకోవాలని వచ్చారు. కొన్నాళ్ళు ఎండలో ఉంచి, తరువాత ఆరు నెలలు మట్టిలో పాతి, తీసి, జల్లించి, వచ్చిన ముక్కలను ఒక సీసాలో వేసి ఆయన ముందు పెట్టాను.

"కరిగిపోయిందిగా మేడం! సంచి యాడుంది?"

"ఈ సీసాలో ఉంది సార్. ముక్కలైంది, అంతే. ఈ ముక్కలను మేక తింటే మేకలో ఉంటాయి, చేప తింటే చేపలో ఉంటాయి."

"మేక సర్టిఫికెట్ అడగదు గదా మేడం."

శేషగిరి గారు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. నేను సంతకం చేయలేదు. స్నేహితుడి కోసమైనా ఆయన నన్ను చేయమని అనలేదు.

ఈ పనిలోకి వచ్చేవారు మొదట తెలుసుకోవలసిన తేడా ఇదే. ఒక వస్తువు కంటికి కనిపించకుండా పోవడం వేరు, దానిని మట్టిలోని సూక్ష్మజీవులు తిని జీర్ణం చేసుకోవడం వేరు. ఎక్కడ, ఎన్నాళ్ళలో అన్నది చెప్పకుండా "జీర్ణమవుతుంది" అని మాత్రమే చెప్పేవారిని నమ్మవద్దు. వేడిగా ఉండే ఎరువు గుంటలో కలిసిపోయే సంచి, సముద్రపు నీటిలో అలాగే తేలుతూ ఉండవచ్చు.

ఇంత తెలిసినదాన్ని కనుకనే, రెండో సగం నాకు తెలియదన్న సంగతి నాకు తట్టలేదు. జీర్ణం కావలసిన వస్తువు, అంతకు ముందు నిలవవలసినన్నాళ్ళు నిలవాలి. అదే అసలు కష్టం.

సంచి పుట్టుక

నర్సరీ మొక్కను నాటేటప్పుడు పాలిథీన్ కవరును చించి పక్కన పడేస్తారు. మా తీరంలో గాలి వాటిని ఊరుకోనివ్వదు. రొయ్యల చెరువుల్లోకి, కాలువల్లోకి మోసుకుపోతుంది. మొక్కతోపాటు గుంటలోకే వెళ్ళే సంచి తయారుచేయాలన్నది నా ఆలోచన. కైటోసాన్‌ను వెనిగర్‌లో ఉండే ఆమ్లంలో కరిగించి, నూకల గంజి కలిపి, మెత్తదనానికి కొద్దిగా గ్లిజరిన్ చేర్చి, పళ్ళాలలో పలుచగా పోసి ఆరబెడితే పారదర్శకమైన పొర వస్తుంది. దానిని పలుచని క్షారంలో ముంచి కడిగితే నీటికి కరగకుండా నిలుస్తుంది. అంచులను అదే ద్రావణంతో అతికితే సంచి తయారు.

అక్కడి వరకు రావడానికి ఏడాదికి పైగా పట్టింది. పొరను కోసి, యంత్రంలో బిగించి లాగి చూశాను. చాలా బలంగా ఉంది. మట్టిలో పాతి, నెల నెలా తూకం వేశాను. నాలుగు నెలల వరకు బరువు పెద్దగా తగ్గలేదు, ఆ తరువాత వేగంగా తగ్గింది. సరిగ్గా నేను కోరుకున్న లెక్క.

కోటమ్మ గారిని కలిసినప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒకటే. "సంచి ఎన్నాళ్ళు నిలవాలి?"

"నాలుగు నెలలు మేడం. జూన్‌లో నింపితే అక్టోబరు వానలకి నాటేస్తారు. అంతదాకా నిలిస్తే చాలు."

సంచులు నింపే రోజున నేను వెళ్ళి చూశాను. పన్నెండు మంది స్త్రీలు వరుసగా కూర్చుని ఇసుక, ఎరువు, మట్టి కలిపి నింపుతున్నారు. ఒక్క సంచి చిరగలేదు. కోటమ్మ గారు ముందు సగం మొక్కలకే మా సంచులు వాడాలనుకున్నారు. "నిశ్చింతగా అన్నిటికీ వాడండి" అని చెప్పినదాన్ని నేను. ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు. గర్వంతో నేనే అన్నాను.

ఆ మొక్కలన్నీ జువ్వలదిన్నె వైపు ఉండే మత్స్యకార కుటుంబాలకు మాట ఇచ్చినవి. ఇళ్ళకూ, వలలు ఆరబెట్టుకునే చోట్లకూ గాలికి అడ్డుగా సరుగుడు వరుసలు వేసుకోవాలని వారు కోరారు. అక్టోబరు వానలకు మొక్క అందకపోతే వారికి ఒక ఏడాది పోతుంది. కోటమ్మ గారికి పేరు పోతుంది. ఆమె నర్సరీ నడిచేది ఆ పేరు మీదే. పేరు పోతే మరుసటి ఏడాది ఆ పన్నెండు మందికి పని ఉండదు.

జరుపుడు

ఫోను వచ్చిన రోజు తొమ్మిది గంటలకు నర్సరీ చేరాను. అప్పుడు తెలిసింది జరుపుడు అంటే ఏమిటో. సంచులలో మొక్క వేరు అడుగు నుంచి బయటికి వచ్చి నేలలోకి దిగుతుంది. అలా వదిలేస్తే, నాటడానికి ఎత్తే రోజున ఆ లోతైన వేరు తెగి మొక్క చనిపోతుంది. అందుకని నెలకో, నలభై రోజులకో ఒకసారి ప్రతి సంచినీ ఎత్తి పక్క మడిలోకి మారుస్తారు. నేలలోకి దిగిన వేరు లేతగా ఉన్నప్పుడే తెగిపోతుంది. మట్టి రాలకుండా ఉండేందుకు, జరిపే ముందు మడిని బాగా తడుపుతారు.

బాగా తడుపుతారు. నేను యంత్రంలో లాగి చూసినవన్నీ పొడి పొరలు.

ఆ స్త్రీలందరిలో పెద్దది పోలమ్మ. సముద్రంలో వేటకు వెళ్ళే పల్లెకారుల ఇంటి మనిషి. నన్ను చూడగానే కోటమ్మ గారితో అంది: "ఈయమ్మేనా కవర్ల డాక్టరు? రామ్మా, నువ్వే ఎత్తి చూడు. మళ్ళీ మేం మొరటోళ్ళం అంటారు."

నేను వంగి, రెండు అరచేతులూ సంచి కిందికి పోనిచ్చి, మెల్లగా ఎత్తాను. చిరగకుండా వచ్చింది. ఒక్క క్షణం నాకు సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి.

పోలమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "అట్టా పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తితే ఈ మడి జరిపేలోపల క్రిస్మస్ వచ్చేస్తాది తల్లీ. ఇట్టా."

ఆమె వంగి, ఒక్కో చేతి వేళ్ళతో రెండేసి సంచుల అంచులు గిల్లి పట్టుకుని లేచింది. నాలుగింటిలో మూడు అంచులు ఆమె వేళ్ళలో మిగిలాయి. సంచులు చీలి, తడి ఇసుక జారి, మొక్కల లేత వేర్లు ఎండలో బయటపడ్డాయి. చుట్టూ ఉన్నవారు ఎవరూ నవ్వలేదు. ఆ మొక్కలను అంతవరకు పెంచింది వాళ్ళే.

నేను శేషగిరి గారికి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆయన గొంతు పెద్దది. పక్కనే ఉన్న కోటమ్మ గారికి ప్రతి మాటా వినిపించింది.

"మొరటుగా లాగినారని ఒక ముక్క రాసెయ్ సుగుణా. రెండు చేతులతో ఎత్తాలని మనం చెప్పినాం, వాళ్ళు వినలేదు. అంతే."

"మనం అలా చెప్పలేదు సార్."

"చెప్పినామని రాయి!"

ఫోను పెట్టేశాక కోటమ్మ గారు నెమ్మదిగా అన్నారు: "రాసుకోండి మేడం, మీ ఇష్టం. మీరు రాస్తే ఈ వేరు తెగుతాదా? ఇంకో వారం పోతే ఇది జానెడు లోపలికి దిగతాది. ఎత్తితే కవరు పోతాది, ఎత్తకపోతే మొక్క పోతాది. దానికేం రాస్తారో చెప్పండి."

పాతికేళ్ళ అనుభవం నా దగ్గర ఉంది.

జవాబు పోలమ్మ దగ్గర ఉంది. "ఎత్తితే గదా చిరిగేది? ఎత్తబాకండి. ఉడకబెట్టిన గుడ్డును దారంతో కొయ్యమా? అట్టా అడుగున కోద్దాం" అని, ఇంటికి మనిషిని పంపి వల అల్లే నైలాన్ దారం తెప్పించింది. మడికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు కూర్చున్నారు. సంచుల అడుగున, నేలకు ఆనించి దారం బిగించి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగారు. మొదటి వరుసలో దారం పైకి లేచి ఐదు సంచులు పడిపోయాయి.

"పైకి లాగతావేందే? కోసేది వేరునా, నీ మొగుడి గొంతునా?" అని పోలమ్మ ఎదుటి ఆమెను తిట్టింది.

"ఆయన గొంతైతే ఈపాటికి అయిపోయుండేదిలే పోలమ్మక్కా" అని ఆమె జవాబిచ్చింది.

రెండో వరుస నుంచి కుదిరింది. నేను కూడా ఒక పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నానికి నా రెండు అరచేతులూ కోసుకుపోయాయి. మూడు రోజులలో మడులన్నీ పూర్తయ్యాయి. అప్పటికే చిరిగిన సంచుల మొక్కలను మామూలు పాలిథీన్ కవర్లలోకి మార్చాము. ఆ కవర్లు నింపినవారిలో నేనూ ఉన్నాను. ఆ తరువాత నాటే వరకు నెల నెలా దారమే లాగారు. కొన్ని మొక్కలు పోయాయి. ఎక్కువ భాగం నిలిచి, అక్టోబరులో, అడుగున రెండు చేతులు పెట్టి మోసే జాగ్రత్తతో, జువ్వలదిన్నె చేరాయి.

నా సంచిని పెట్రోలియం నుంచి పుట్టిన నైలాన్ దారం కాపాడింది. దీనిని దాచవలసిన అవసరం నాకు కనిపించదు. పెట్రోలియం ప్లాస్టిక్‌ను తిట్టి ఈ రంగంలో పేరు తెచ్చుకోవచ్చునని వచ్చే యువకులు కొందరు ఉన్నారు. దాని బలాన్ని గౌరవించనివారు దానికి ప్రత్యామ్నాయం చేయలేరు. ఏళ్ళ తరబడి నిలవవలసిన వల దారానికి ఆ బలం కావాలి. నాలుగు నెలలు నిలవవలసిన మొక్కల సంచికి అక్కరలేదు. దానికీ ఆ బలాన్నే వాడటంలో ఉంది తప్పు.

ఉత్తరం

నాలుగో రోజు ఉదయం రెండు పేజీల ఉత్తరం శేషగిరి గారి బల్ల మీద పెట్టాను. సంచులు తడిలో బలం కోల్పోతాయని, తడి పరీక్ష చేయకపోవడం పరీక్ష చేసిన వ్యక్తి లోపమని, వాడినవారి లోపం ఏమీ లేదని రాసి, కింద నా పేరు, సంతకం ఉంచాను.

ఆయన రెండుసార్లు చదివారు. "నీ పేరే రాసుకున్నావే. ఎవురైనా ఇట్టా రాసుకుంటారా?"

"పరీక్ష చేసింది నేను సార్. వాళ్ళు చేసింది రోజూ చేసే పని."

"ఇది బయటికి పోతే మన సంచి ఎవుడు కొంటాడు?"

"ఇది బయటికి పోకపోతే వచ్చే ఏడు కూడా ఇదే సంచి చేస్తాం సార్."

ఆయన ఉత్తరాన్ని సొరుగులో వేసి తాళం పెట్టారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. మూడో రోజు కారు తీయించి, నన్ను ఎక్కమని, నేరుగా నర్సరీకి వెళ్ళారు. కోటమ్మ గారి చేతికి ఉత్తరం ఇచ్చి, "మా తప్పేనమ్మా" అన్నారు. ఆ రెండు మాటలు చెప్పడానికి ఆయన దారి పొడుగునా గొంతు సవరించుకుంటూనే ఉన్నారు. ఆయన ధైర్యవంతుడని నేను చెప్పను. ఆలస్యంగానైనా ధైర్యమైన పని చేశారని మాత్రం చెబుతాను. అది తక్కువ సంగతి కాదు.

యంత్రానికి గోళ్ళు లేవు

ఆ తరువాత పదిహేను రోజులు నేను సెలవు పెట్టి నర్సరీలో పనిచేశాను. వారు పాలిథీన్ కవర్లను ఎలా పట్టుకుంటారో రాసుకున్నాను. అంచును రెండు వేళ్ళతో గిల్లి పట్టుకుంటారు. ఎత్తేటప్పుడు కొద్దిగా మెలిపెడతారు. పాలిథీన్ దీనినంతా మౌనంగా భరించేది కనుక, ఇది ఒక పరీక్ష అని ఎవరికీ తోచలేదు.

తిరిగి వచ్చాక గంజి పాలు తగ్గించాము, క్షారంలో ఉంచే సమయం పెంచాము, అంచును రెండు మడతలు వేసి అతికాము. కొత్త పొరను రాత్రంతా నీటిలో నానబెట్టి యంత్రంలో లాగితే బాగానే నిలిచింది. ఈసారి నాకు నమ్మకం చాలలేదు. పోలమ్మను ప్రయోగశాలకు పిలిపించాను. తడి ఇసుక నింపిన సంచులు వరుసగా పెట్టి, నర్సరీలో ఎత్తినట్టే ఎత్తమన్నాను. మూడో సంచి దగ్గరే అంచు చీలింది.

"మిషన్‌లో చిరగలేదే?" అన్నాను, నాలో నేను అనుకున్నట్టు.

"మిషనుకు గోళ్ళు లేవు గదమ్మా" అంది ఆమె, తన బొటనవేలి గోరు చూపిస్తూ.

అంత సూటిగా లోపాన్ని చూపిన పరీక్షకులను నేను నా ఉద్యోగంలో చూడలేదు. అంచు మీద గోటి గాటు పడితే, చీలిక అక్కడి నుంచి పరుగెత్తుతుంది. ఆ రోజు నుంచి మా పరీక్షలో తడి పొర అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టి లాగడం చేర్చాము. దానికి నిలిచే పొర కోసం మరో ఏడాదిన్నర పట్టింది. మడత అంచులో కొబ్బరి పీచు నలిపి కలిపితే చీలిక ఆగిపోయింది.

2021 జూన్‌లో కొత్త సంచులు తీసుకుని వెళ్ళినప్పుడు కోటమ్మ గారు వాటిని నీటిలో ముంచి, మెలిపెట్టి, గిల్లి చూశారు. "ఒక్క మడి ఇస్తా మేడం. మొత్తం అడగబాకండి" అన్నారు. నేను అడగలేదు. ఆ మడిని మూడుసార్లు, తడిపి, అంచులు పట్టుకుని, నాలుగేసి సంచులు ఒక్కసారి ఎత్తి జరిపారు. ఎక్కడో ఒకటి రెండు పోయాయి. పాలిథీన్‌లోనూ అన్ని పోతాయని పోలమ్మే చెప్పింది.

అక్టోబరులో ఆ మొక్కలను జువ్వలదిన్నె దగ్గర ఇసుకలో, సంచులు తీయకుండానే నాటారు. మరుసటి ఫిబ్రవరిలో వెళ్ళి ఒక మొక్క పక్కన తవ్వితే, తడిసిన కాగితం లాంటి చిన్న చిన్న పేలికలు చేతి వేళ్ళకు అంటుకున్నాయి. జూన్‌లో మళ్ళీ వెళ్ళాము. కోటమ్మ గారు, పోలమ్మ, నేను. వేరొక మొక్క పక్కన నేనే మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తీశాను. వేర్లు నలువైపులా పోయి ఉన్నాయి. సంచి లేదు. ఇసుకను తెచ్చి ప్రయోగశాలలో జల్లించాను, సూక్ష్మదర్శిని కింద చూశాను. పొర తాలూకు ముక్క ఒక్కటి కూడా కనిపించలేదు. నా వృత్తిలో నేను చూసిన ఉత్తమ ఫలితం అదే.

ఇసుక తీస్తున్నప్పుడు పోలమ్మ నా భుజం మీదుగా వంగి గుంటలోకి తొంగి చూసింది. "ఇంత చదువు చదివి, ఇన్నేళ్ళు తిరిగి, ఆఖరికి ఏమీ లేకుండా చేసినావు తల్లీ" అంది.

నాకు దక్కిన ప్రశంసలలో నేను దాచుకున్నది ఈ ఒక్కటే.

ఆ తరువాత మారినవి ఇవి. కోటమ్మ గారి నర్సరీలో సరుగుడు మడులన్నీ ఇప్పుడు మా సంచులతోనే నింపుతారు. ఏడాదికి పైగా సంచిలో ఉండవలసిన కొబ్బరి మొలకలకు మాత్రం ఇంకా పాలిథీనే వాడతారు, ఎందుకంటే అంతకాలం నిలిచే సంచిని మేము చేయలేకపోయాము. ఆ పన్నెండు మందికీ ప్రతి సీజన్‌లోనూ పని ఉంది. పోలమ్మ ఏడాదికి రెండుసార్లు ప్రయోగశాలకు వచ్చి సంచులు ఎత్తి చూస్తుంది, నివేదికలో ఆమె పేరు కూడా రాస్తారు. నేను పదవీ విరమణ చేసే రోజు వరకు, ఒక వస్తువును దాన్ని వాడే మనిషి చేతిలో చూడకుండా ఏ నివేదిక మీదా సంతకం చేయలేదు.